పుట్టింటి గింజ

జనవరి 9, మంగళవారం

అలసందల డబ్బాలో పురుగు పడింది. ఇంతకంటే శుభవార్త ఈ మధ్య నేను వినలేదు.

అత్తయ్యగారు మూత తీసి చూసి, ఛీ ఛీ అనుకుంటూ డబ్బా పట్టుకుని చెత్తబుట్ట వైపు నడుస్తున్నారు. తాగుతున్న టీ గట్టు మీద పెట్టేసి అడ్డం వెళ్ళాను. పారేయకండి, నాకివ్వండి అన్నాను. పురుగు పట్టిన గింజలు ఏం చేసుకుంటావమ్మా అన్నారు. కాలేజీకి పట్టుకెళ్తాను అన్నాను. ఆవిడ నా మొహం వంక చూసి, మా ఆయన్ని కేకేసి, నీ పెళ్ళాం చదువు ఎక్కడిదాకా వచ్చిందో చూడరా అన్నారు.

కారణం ఉంది. నిన్న మీటింగులో హెడ్‌గారు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. పదహారేళ్ళుగా ఫస్టియర్ బయాలజీ చెప్తున్నాను. పదహారేళ్ళుగా అదే ల్యాబ్ మాన్యువల్. ముప్పై రెండో పేజీ తియ్యండి, బొమ్మ వెయ్యండి, భాగాలు గుర్తించండి, సంతకం పెట్టించుకోండి. ప్రయోగం మొదలుకాక ముందే జవాబు అందరికీ తెలుసు. సీనియర్ల రికార్డులో ఉంటుంది కదా. నేను అడిగింది ఒకటే. ఒక్క సెక్షన్‌కి, ఒక్క సెమిస్టర్, జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న ఇస్తాను. బతికున్న పురుగుల మీద పిల్లల చేత నిజం రీసెర్చ్ చేయిస్తాను.

హెడ్‌గారు సరే అన్నారు గానీ ఊరికే అనలేదు. కొత్త సామాను ఏదీ అడగొద్దట. మార్చి ఇరవైన అకడమిక్ కౌన్సిల్ ముందు నిలబడి ఏం తేలిందో చూపించాలట. వాళ్ళకి నచ్చితే వచ్చే ఏడాది నాలుగు సెక్షన్లకీ ఇదే పద్ధతి. నచ్చకపోతే మళ్ళీ ముప్పై రెండో పేజీ, ఇక ఈ మాట ఎత్తకూడదు.

సామాను లేకుండా పెరిగే పురుగు ఏముందా అని నిన్నంతా బుర్ర బద్దలుకొట్టుకున్నాను. చూడబోతే వంటింట్లోనే ఉంది! దీనికి నీళ్ళక్కర్లేదు. పెద్దయ్యాక తిండీ అక్కర్లేదు. తల్లి గింజ మీద గుడ్డు అతికించి తన దారిన పోతుంది. పిల్ల గింజలోకి తొలుచుకుపోయి, లోపలే తిని, లోపలే పెరిగి, నెల తిరిగేసరికి గుండ్రంగా కిటికీ కోసుకుని బయటికొస్తుంది. చిన్న గాజుపళ్ళెంలో ఒక జీవితం మొత్తం.

డబ్బా నా బ్యాగులో ఉంది. మూతకి రబ్బరుబ్యాండ్లు మూడు వేశాను.

జనవరి 11, గురువారం

ఇరవై నాలుగు మంది. ఇరవై నాలుగు భూతద్దాలు (ఎనిమిది పగుళ్ళవి). ఒక డబ్బా.

ల్యాబ్ అటెండర్‌ని కాలేజీ అంతా పెద్దక్క అంటుంది. డబ్బాలోకి తొంగిచూసి, ఇన్నాళ్ళూ పురుగుల్ని చంపడం నా డ్యూటీ, ఇప్పుడు పెంచమంటే ఎలా మేడమ్ అంది. అన్నదే గానీ, గాజుపళ్ళేలన్నీ కడిగి తుడిచి వరసగా పేర్చి పెట్టింది.

ఆడ ఏదో మగ ఏదో మీరే చెప్పండి అన్నాను. పుస్తకం ఇవ్వలేదు. మొదట పది నిమిషాలు ఎవరూ భూతద్దం ముట్టలేదు. పరీక్షలో వస్తుందా అని ఒకడు అడిగాడు. వీడు ప్రతిదానికీ వాదన పెట్టుకుంటాడు, లాయరు అని పేరు పెట్టుకున్నాను. రాదన్నాను. తర్వాత మెల్లగా గుసగుస. ఇది లావుగా ఉంది. దీని వెనక నల్లచారలున్నాయి. దీనికి లేవు. చారలున్నది గుడ్డు పెడుతోంది మేడమ్, చూడండి చూడండి!

అంతే. ఇక ఆగలేదు. ఇరవై నాలుగు తలలూ ఒక పళ్ళెం మీదికి వంగాయి. ఫోన్‌లో అన్నీ ఫొటోలు తీసే అమ్మాయి ఒకతి ఉంది, నా డైరీలో కెమెరా. ఆ గుడ్డు ఫొటో తీసి పెద్దది చేసి చూపించింది. గింజ మీద అతికించిన పారదర్శకమైన చుక్క. లాయరు దాన్ని చూసి, ఇంతేనా అన్నాడు. మళ్ళీ వంగి చూసి, ఇంత చిన్నదాంట్లోనా అన్నాడు.

బెల్లు కొట్టాక ఎవరూ లేవలేదు. పదహారేళ్ళ సర్వీసులో ఇదే మొదటిసారి.

జనవరి 12

ఒక పురుగు తప్పించుకుని హెడ్‌గారి టేబుల్ మీద తేలింది. మెమో రాలేదు. పెద్దక్క చీపురుతో వెళ్ళి, చంపకుండా, కాగితంలో చుట్టి వెనక్కి తెచ్చింది.

జనవరి 18, గురువారం

చివరి వరసలో ఒక అమ్మాయి. ఎప్పుడూ జడలో పెన్సిల్ గుచ్చుకుని ఉంటుంది, అందుకే ఈ డైరీలో ఆమె పేరు పెన్సిల్. మాట్లాడదు. అడిగితే లేచి నిలబడుతుంది తప్ప నోరు విప్పదు. ఈ కోర్సు చదవడం ఆమెకిది రెండోసారి. ఈసారీ తప్పితే కాలేజీ రూలు ప్రకారం సీటు పోతుంది. ఆఫీసు గుమస్తా లిస్టు ఇస్తూ, ఈ పేరు మీద ఆశ పెట్టుకోకండి మేడమ్ అన్నాడు.

పొద్దున్నే లాండ్రీలో పని చేస్తుందట. ఆలస్యంగా వస్తుంది. చేతులకి సబ్బు వాసన. పురుగుని బ్రష్ మీదికి ఎక్కించుకోవడంలో మాత్రం క్లాసులో ఆమె తర్వాతే ఎవరైనా. మిగతావాళ్ళు తరుముతారు. ఆమె బ్రష్ అడ్డం పెట్టి ఊరుకుంటుంది. అదే ఎక్కుతుంది.

ఫిబ్రవరి 2

గుడ్లు పెట్టిన గింజలు విడిగా తీసి ఇరవై రెండు రోజులవుతోంది. ఏమీ లేదు. గింజలు గింజల్లాగే ఉన్నాయి. లాయరు రోజూ వచ్చి, చచ్చిపోయాయేమో మేడమ్ అని పరామర్శించి పోతున్నాడు.

ఫిబ్రవరి 6, మంగళవారం, పగలు 11:20

వచ్చేశాయి!

పెద్దక్క క్లాసు మధ్యలో తలుపు తోసుకుని వచ్చింది. ప్రిన్సిపాల్ వచ్చారని చెప్పడానికైనా బయటే నిలబడి దగ్గే మనిషి. మేడమ్, తలుపులు తెరుస్తున్నాయి అంది. ఏ తలుపులు అన్నాను. గింజల తలుపులు అంది. సుద్దముక్క వదిలేసి పరుగెత్తాను, నా వెనకాల క్లాసంతా.

గింజ పైపొర మీద ముందు నీడలా ఒక గుండ్రం. ఆ గుండ్రం అంచుని ఏదో కొరుకుతోంది. లోపల్నుంచి! చుట్టూ కోసుకుంటూ వచ్చి, ఆఖరికి ఆ బిళ్ళని తలతో నెట్టింది. మూత ఊడిపడింది. మీసాలు బయటికొచ్చాయి. ఆగింది. రా రా, వచ్చెయ్ అని ఎవరో అన్నారు. అన్నది పెన్సిల్. ఆమె గొంతు వినడం నాకిదే మొదలు.

వచ్చింది. ఒళ్ళు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ పోయింది. చప్పట్లు! పక్క గదిలో కెమిస్ట్రీ క్లాసు ఆగిపోయింది.

తర్వాత ప్రశ్నల వాన. లోపల చీకట్లో దానికి ఎటు వెళ్ళాలో ఎలా తెలుసు. ఒకే గింజలో రెండుంటే కొట్టుకుంటాయా. అందులో కెమెరా అడిగింది నన్ను పట్టుకుంది. ఇది అలసందలో పుట్టింది కదా మేడమ్, రేపు గుడ్లు పెట్టేటప్పుడు అలసందనే వెతుక్కుంటుందా, ఏ గింజైనా ఒకటేనా?

దీని పుట్టిల్లు దీనికి గుర్తుంటుందా అని బోర్డు మీద రాశాను. ఇదే మన ప్రశ్న అన్నాను. ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు.

ఫిబ్రవరి 7

అత్తయ్యగారికి ప్రశ్న చెప్పాను. పుట్టిల్లు మరిచే ఆడది ఉంటుందా అన్నారు. ఈవిడకి రీసెర్చ్ అక్కర్లేదు.

ఫిబ్రవరి 21, బుధవారం

ప్రయోగం మొదలు. ఒక్కొక్కరికి ఒక పళ్ళెం. అందులో ఇరవై అలసందలు, ఇరవై పెసలు, కలిపేసి. అలసందలో పుట్టిన జంట ఒకటి. రెండు రోజుల తర్వాత జంటను తీసేసి, దేని మీద ఎన్ని గుడ్లో లెక్క. ఇంత తేలిక. ఇంత అందం.

పెన్సిల్ రాలేదు. లాండ్రీలో డబుల్ షిఫ్టట.

ఫిబ్రవరి 22

మధ్యాహ్నం పెన్సిల్ వచ్చి తన పళ్ళెం సర్దుకుంది. నేను చూసేసరికి అందులో పెసలు లేవు. అన్నీ అలసందలే. పది లావువి, పది సన్నవి. ఏమిటిది అన్నాను. పెసలు అయిపోయాయి మేడమ్ అంది. అయితే నన్నడగాలి కదా, మన ప్రశ్న ఇది కాదు కదా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. నలుగురూ తిరిగి చూశారు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

మూడుసార్లు కూడి చూశాను.

ఇరవై మూడు పళ్ళేలు. మొత్తం గుడ్లు ఎనిమిది వందల పన్నెండు. అలసందల మీద ఆరు వందల పదకొండు. పెసల మీద రెండు వందల ఒకటి.

ఆరు వందల పదకొండు!

పుట్టింటినే ఎంచుకుంది. ఒకటి కాదు రెండు కాదు, పళ్ళెం తర్వాత పళ్ళెం అదే కథ. లాయరు బోర్డు మీద అంకెలు రాస్తుంటే కెమెరా ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నావంటే, తెలీదు మేడమ్ అంది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, అలసంద పొట్టు పడిందని చెప్పాను.

హెడ్‌గారి గదికి వెళ్ళి అంకెలు చూపించాను. పదహారేళ్ళలో ఆయన నన్ను కూర్చోమని అనడం ఇదే మొదలు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఇది మన ఫస్టియర్ పిల్లలు చేశారా అన్నారు. అవునన్నాను. కౌన్సిల్‌కి సారాంశం తనే స్వయంగా రాస్తానన్నారు.

ఫిబ్రవరి 26

పెన్సిల్ పళ్ళెం లెక్కలోకి తీసుకోలేదు. ప్రశ్న వేరు కదా. నోటుబుక్కుల మార్కుల పట్టీలో ఆ ప్రయోగానికి సున్నా పెట్టాను. రూలంటే రూలు.

మార్చి 5

సారాంశం అచ్చయి వచ్చింది. హెడ్‌గారి పేరు, కింద నా పేరు. అలసంద పురుగులో జన్మస్థాన స్మృతి. రెండుసార్లు చదువుకున్నాను. మా ఆయన ఫ్రిజ్ తలుపుకి అతికించాడు. అత్తయ్యగారు కాగితం కింద నిలబడి, ఇది నేను ముందే చెప్పలేదూ అన్నారు.

మార్చి 14, గురువారం, సాయంత్రం 5:10, ల్యాబ్‌లో

ఏం రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

కౌన్సిల్‌లో చూపించడానికి మంచి నోటుబుక్కులు ఏరుతున్నాను. పెన్సిల్‌ది చేతికొచ్చింది. పక్కన పెట్టబోయాను. ఒక పేజీ బొమ్మ చూసి ఆగాను. ఇరవై గింజలు, ఒక్కొక్కటీ విడిగా గీసింది. ఏ గింజ మీద ఎన్ని గుడ్లో, ఏ వైపు పెట్టిందో కూడా. లావు అలసందల మీద ఇరవై ఏడు. సన్నవాటి మీద తొమ్మిది.

కింద చిన్న అక్షరాల్లో, పెన్సిల్‌తో: రెండూ అలసందలే. రెండూ పుట్టిల్లే. మరి లావుదానికే ఎందుకు వెళ్ళింది? పెసలు కూడా సన్నగానే ఉంటాయి కదా?

దాని కింద, చదవకుండానే పెట్టిన నా ఎర్ర ఇంకు. తప్పు. లెక్కలోకి రాదు.

ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. అలసంద లావు, పెసర సన్నం. ఎదురుగా ఉంది! ఫిబ్రవరి నుంచి నా కళ్ళముందే ఉంది! నా పురుగు పుట్టింటిని వెతుక్కోలేదేమో. పెద్దింటిని వెతుక్కుందేమో. నా ప్రయోగానికి ఆ రెంటికీ తేడా చెప్పే శక్తే లేదు. పదహారేళ్ళ సర్వీసు, పీహెచ్‌డీ, అచ్చయిన సారాంశం. నాకు తట్టలేదు. లాండ్రీ నుంచి ఆలస్యంగా వచ్చి, పెసలు లేక, ఉన్నవాటిలోనే లావువీ సన్నవీ ఏరుకున్న పిల్లకి తట్టింది. నేను ఆమెకి సున్నా వేశాను.

కౌన్సిల్‌కి ఇంకా ఆరు రోజులుంది.

మార్చి 14, ఇంటికొచ్చాక

మా ఆయనకి చెప్పాను. ఆయన గడియారాలు రిపేరు చేస్తాడు, దేనికీ తొందరపడడు. అంతా విని, ఎవరైనా చూశారా అన్నాడు. లేదన్నాను. అయితే ఇరవయ్యో తారీకు కానియ్యి, నాలుగు సెక్షన్లూ వచ్చాక తీరిగ్గా సరిదిద్దుకోవచ్చు కదా అన్నాడు. నా మంచికే చెప్పాడు.

అబద్ధం ఎందుకు, ఒక గంటసేపు నాకూ అది బాగానే అనిపించింది. మళ్ళీ ఆ ఎర్ర ఇంకు గుర్తొచ్చింది. ఫ్రిజ్ మీద కాగితం పీకేశాను.

ఇంకో సంగతీ రాసుకోవాలి. సిగ్గుతో పాటు లోపల ఎక్కడో ఒకటే గంతులు. ఇది నిజం రీసెర్చే! నేను అడిగింది ఇదే కదా! జవాబు నాకు కూడా తెలియని ప్రశ్న!

మార్చి 15, శుక్రవారం

క్లాసులో చెప్పేశాను. పెన్సిల్ నోటుబుక్కు పేజీ గోడ మీద వేసి చూపించాను. నా ఎర్ర ఇంకుతో సహా. లాయరు చాలాసేపు చూసి, అయితే మనం ఓడిపోయామా మేడమ్ అన్నాడు. ఇంకా తెలీదు, మళ్ళీ చేయాలి అన్నాను.

పెన్సిల్ రాలేదు. నిన్నా రాలేదు. సున్నా చూసుకుందట, మిగతా మార్కులన్నీ కూడుకుందట. ఇక పాసయ్యే దారి లేదని తేలాక, సోమవారం పేరు కొట్టించేసుకుంటానని కెమెరాతో చెప్పిందట.

పెద్దక్కని ల్యాబ్ చూడమని చెప్పి లాండ్రీకి వెళ్ళాను. కాలేజీ వెనక రెండో వీధి. తలుపు తీయగానే ఆవిరి మొహానికి కొట్టింది. మిషన్ల మోతకి ఏమీ వినపడదు. పెన్సిల్ ఇంకొకామెతో కలిసి దుప్పటి మడతపెడుతోంది, చెరో కొసా పట్టుకుని, దగ్గరికి నడిచి, దూరం జరిగి. నన్ను చూసి దుప్పటి వదిలేసింది. నేనే ఆ కొస అందుకున్నాను. ముందు అది మడతపెట్టాం.

అరవాల్సి వచ్చింది. నీ ప్రయోగం రైటమ్మా, నాది తప్పు అని ఆ మోతలో రెండుసార్లు అరిచాను. రెండోసారి అరిచేసరికి మిషన్ ఆగింది. గదంతా విన్నారు.

అంత బాగా గమనించి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను. మీరు తప్పని రాశారు కదా మేడమ్, తప్పేమో అనుకున్నాను అంది.

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. క్షమించమన్నాను. సున్నా కొట్టేశానని, మార్కులు సరిచేశానని చెప్పాను. ఆమె మార్కుల గురించి ఒక్క మాట అడగలేదు. జడలోంచి పెన్సిల్ తీసి, లాండ్రీ చీటీ వెనక గీస్తూ, సన్న అలసందలూ లావు పెసలూ ఏరితే రెండూ ఒకే సైజు వస్తాయి కదా మేడమ్, అప్పుడేం చేస్తుందో చూడొచ్చు కదా అంది. ఎన్నాళ్ళుగా ఆలోచిస్తున్నావంటే, ఇస్త్రీ చేస్తూ రోజూ అంది.

మార్చి 16, శనివారం

సెలవు. అయినా ఇరవై నలుగురూ వచ్చారు.

అత్తయ్యగారు నాలుగు జల్లెడలు పట్టుకుని నాతో పాటు వచ్చేశారు. నా జల్లెడలు నేను లేకుండా కదలవు అన్నారు. పిల్లలు గింజల్ని చేత్తో ఏరుతుంటే చూడలేక, తప్పుకోండర్రా అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మణికట్టు రెండు తిప్పులు తిప్పితే లావువి పైన, సన్నవి కింద. పెద్దక్క పోటీకి దిగింది. గంటలో అయిపోయింది. పెన్సిల్ ఒక్కో గింజనీ స్కేలు మీద పెట్టి కొలిచి, ఇది ఒద్దు, ఇది సరే అంటోంది. లాయరు ఆమె వెనకే తిరుగుతూ రాసుకుంటున్నాడు. ఎదురు చెప్పడం లేదు!

ఇరవై నాలుగు పళ్ళేలు. ఈసారి లెక్కలోకి రానిది ఒక్కటీ లేదు.

వెళ్ళేటప్పుడు అత్తయ్యగారు పెన్సిల్‌ని పిలిచి, పుట్టిల్లు గుర్తుండదంటావా అమ్మాయ్ అని నిలదీశారు. గుర్తుండదని కాదు మామ్మగారూ, గుర్తుందని మనమింకా చూడలేదు అంది పెన్సిల్. అత్తయ్యగారు జల్లెడలు సర్దుకుని నాతో నడిచారు. ఇంటి మెట్ల దగ్గర, గడుసుపిల్ల అన్నారు.

మార్చి 18, సోమవారం

అలసందల మీద నాలుగు వందల పద్దెనిమిది. పెసల మీద మూడు వందల తొంభై ఏడు.

దాదాపు సమానం! సైజు ఒకటైతే తేడా పోయింది! లాయరు కుర్చీ ఎక్కి, మన సిద్ధాంతం పోయింది మేడమ్ అని అరిచాడు. అందరూ కేకలు. సొంత సిద్ధాంతం కూలిందని గంతులేసే క్లాసుని నేనెక్కడా చూడలేదు. నేనూ గెంతాను. నలభై ఆరేళ్ళ మోకాళ్ళతో.

అదే ఊపులో హెడ్‌గారి గదికి వెళ్ళాను. అక్కడ ఊపు దిగిపోయింది. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత ఎర్రబడ్డారు. సారాంశం పదిమందికీ పంపేశాను, ఇప్పుడు తప్పంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నారు. మొదటి ఫలితం చూపించి ఊరుకోండి, అదీ మీరు చేసిందే కదా అన్నారు. చేసిందే, కానీ దాని అర్థం అది కాదని ఇప్పుడు తెలుసు కదండీ అన్నాను. అలా అయితే మీ పాట్లు మీరు పడండి, నేను మీ పక్కన కూర్చోను అన్నారు. నాలుగు సెక్షన్ల మాట మరిచిపొమ్మన్నారు.

అయినా మరిచిపోనన్నాను.

మార్చి 20, బుధవారం

పొడుగాటి బల్ల. అవతల తొమ్మిది మంది. ఇవతల నేను, పెన్సిల్, మధ్యలో ఒక గాజుపళ్ళెం. హెడ్‌గారు నిజంగానే పక్కన కూర్చోలేదు. వెనక గోడ దగ్గర కుర్చీలో, చేతులు కట్టుకుని.

అచ్చయిన సారాంశం తీసి, ఇందులో ఉన్నది తప్పు అని మొదలుపెట్టాను. కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఆరు వందల పదకొండు చెప్పాను. నా ఎర్ర ఇంకు చూపించాను. మిగతాది ఈమె చెప్తుంది అని కూర్చున్నాను.

పెన్సిల్ లేచి నిలబడింది. నోరు విప్పలేదు. పది సెకన్లు. ఇరవై. అప్పుడామె పళ్ళెం మూత తీసింది. ఒక పురుగు అంచుదాకా వచ్చింది. బ్రష్ అడ్డం పెట్టింది. అది ఎక్కింది. ఇది ఆడది అని మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. గుడ్డు ఎలా పెడుతుందో, గింజ ఎందుకు పెద్దదిగా ఉండాలో, లోపల పిల్లకి చివరిదాకా తిండి సరిపోవాలి కదా అని.

బల్ల చివర ముసలాయన, రిటైరైన ఫిజిక్సు ప్రొఫెసరట, ముందుకు వంగారు. అయితే పుట్టింటి మీద మమకారం లేదని తేల్చారన్నమాట అన్నారు. లేదని మేం చెప్పడం లేదండీ, ఉందని మొదటి ప్రయోగం చూపించలేదని చెప్తున్నాం, పెసల్లో పెంచినవాటిని కూడా చూస్తే గానీ ఏదీ చెప్పలేం అంది పెన్సిల్. ఇంకా తేలలేదన్నమాట అన్నారాయన. తేలలేదండీ అంది, తేలకపోవడం గొప్ప విశేషమైనట్టు. ఆయన నవ్వి, పళ్ళెం ఇలా జరపండి అన్నారు. పళ్ళెం బల్లంతా తిరిగింది. తొమ్మిదిమంది పెద్దమనుషులు భూతద్దం కోసం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు.

ఒకావిడ నన్నడిగారు. క్లాసు ముందు మీ తప్పు మీరే చూపిస్తే, రేపు పిల్లలు మీ మాట వింటారా అని. వినరండీ, లెక్కపెట్టి చూసుకుంటారు అన్నాను.

నిర్ణయం తర్వాత చెప్తామన్నారు. బయట వరండాలో పెన్సిల్ గోడకి ఆనుకుని, నా కాళ్ళు లేవు మేడమ్ అంది. నావీ లేవన్నాను. ఇద్దరం అక్కడే నేల మీద కూర్చున్నాం.

మార్చి 22, శుక్రవారం

నాలుగు సెక్షన్లూ!

కాగితం హెడ్‌గారే తెచ్చి ఇచ్చారు. ఫస్టియర్ పిల్లలు తప్పు పట్టుకున్న లెక్చరర్ ఈ కాలేజీలో మీరొక్కరే అన్నారు. అవునండీ అన్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. ఆ పెసల్లో పెంచడం ఎప్పుడు మొదలుపెడతారు, నాకూ ఒక పళ్ళెం ఇవ్వండి అన్నారు.

ఏప్రిల్ 30

పెన్సిల్ పాస్. ఫలితాల లిస్టు పెద్దక్కే ముందు చూసి, మెట్ల మీద నుంచే అరిచింది.

జులై 1, సోమవారం

కొత్త బ్యాచ్. తొంభై ఆరుగురు. గంటలో పదకొండుసార్లు నాకు తెలీదు అన్నాను. పన్నెండోసారి అనబోతుంటే ఎవరో, మాకూ తెలీదు మేడమ్, మూత తీసి చూద్దామా అన్నారు.

తియ్యండి అన్నాను.